వరండాలో పిలుపు

కోర్టులో ఎదురుగా నిలబడ్డ మనిషిని బయటికి పంపి, వరండాలోంచి మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, మళ్లీ లోపలికి రప్పించడం ఎందుకన్న సందేహం మేడిపల్లి నర్సింగానికి ఏళ్లుగా ఉంది. కానీ పొద్దున్నే దీపం పెట్టి గడప దాటే మనిషి కనుక, పెద్దల పద్ధతిని తప్పు పట్టలేదు. కోర్టు ఏ ఊరిదో చెప్పడం మర్యాద కాదు. జగిత్యాల, కోరుట్ల బస్సులు రెండూ ఆగుతాయి, అంత చాలు.

ఈమధ్య కోర్టుకు కొత్త కాలం వచ్చింది. వాయిదా తేదీ ఫోనుకే వస్తోంది. గోడకు పెద్ద తెర బిగించారు. దుబాయిలో ఉన్నవారు సైతం అందులో హాజరు కావచ్చని కాగితం అంటించారు. పిలుపు మాత్రం బంట్రోతు గంగాప్రసాద్ గొంతులోనే ఉంది. సిరిసిల్లలో నేయించిన ఎర్ర పట్టీ భుజాన వేసుకుని అతను పిలిస్తే, వరండాలోంచి బదులు రావాలి. రాకపోతే మనిషి లేనట్టే. ఇది ఎక్కడ రాసి ఉందో ఎవరూ చూడలేదు. చూడాల్సినంత అనుమానం ఎవరికీ రాలేదు.

దావా చిన్నదే. నర్సింగం చేను మీదుగా తన మడికి బండ్ల బాట కావాలని పొరుగు రైతు, వరసకు బావ అయిన జలపతి వేశాడు. జలపతి పోయాక మడితోపాటు దావా కూడా కొడుకు మహేందర్‌కు సంక్రమించింది. బాట లేక ట్రాక్టరు పోదు. మడి బీడుగానే ఉంది.

ఆ రోజు మహేందర్ దుబాయి నుంచి తెర మీద ప్రత్యక్షమయ్యాడు. గంగాప్రసాద్ నిండు భక్తితో బయటికి వెళ్లి పిలిచాడు. బదులు లేదు. మళ్లీ పిలిచాడు.

"సార్, ఈడ్నే ఉన్న, కనబడుతలేనా?" అని మహేందర్ తెర నిండా చెయ్యి ఊపాడు.

"కనబడుతున్నారు," అన్నారు న్యాయమూర్తి. "ఈ న్యాయస్థానం కాలంతోపాటు నడుస్తుంది. అయితే పిలుపు అక్కడ, మీరు ఇక్కడ. మూడో పిలుపుకూ బదులు రాకుంటే దావా కొట్టివేయబడుతుంది."

నర్సింగం చెవిలో అతని వకీలు, "అన్నా, కదలకు. బాట లొల్లి ఈయాల్టితోని ఖతం," అన్నాడు.

నర్సింగం కదలలేదు. కానీ ఒకప్పుడు తాను సందులో చాయ్ తాగుతుండగా తన పేరు మూడోసారి వినిపించిన సంగతి గుర్తొచ్చింది. ఊరుకుంటే గెలిచే జలపతి, "ఉన్నడు, చాయ్ తాగుతున్నడు, జర ఆగుండ్రి," అని కేకేశాడు. తర్వాత ఎందుకని అడిగితే, "నువ్వు లేకుంటె నేనెవనితోని కొట్లాడాలె బావా," అన్నాడు.

మూడో పిలుపు మొదలైంది. నర్సింగం లేచి వరండాలోకి వెళ్లి, చేతులు కట్టుకుని, "మహేందర్ హాజరున్నడు," అన్నాడు. వకీలు తల పట్టుకున్నాడు. పలికింది ఎవరని ఎవరూ అడగలేదు. పద్ధతిలో ఆ ప్రశ్న లేదు. వాది హాజరైనట్టు నమోదు చేసుకుని, దావాను క్షేమంగా వచ్చే వాయిదాకు పంపారు.

పోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్రమాస నాడు నర్సింగం డాబా మీద విస్తరి పెట్టి, తాతను, తండ్రిని మూడేసిసార్లు పిలిచాడు.

"ఎన్నడన్న పలికిండ్రా?" అంది కింది నుంచి భార్య చిన్నవ్వ.

"పలుకకుంటె లేనట్టేనా?"

ఇక్కడ నవ్వదలచిన పాఠకులు ముందుగా తమ ఇంటి పద్ధతులను సరిచూసుకోగలరు. నర్సింగం మాత్రం ఇంకో ముద్ద పెట్టి, మెల్లగా పిలిచాడు.

"జలపతి బావా, నీ పిలగానికి నేను పలికిన. నీ బాకీ తీరింది. ఇగ బాట సంగతి వాడు, నేను కొట్లాడుకుంటం."