ముక్కు విరగని దిగుడు

సూరత్ శివారులోని ఒక ఫ్లయింగ్ క్లబ్బు, కరోనా కాలంలో ప్రజాసేవ నిమిత్తం బార్డోలీకి విమానంలో మాస్కులు పంపాలని 2020 జూలైలో ఏకగ్రీవంగా తీర్మానించింది. బార్డోలీకి రోడ్డు మీద గంట ప్రయాణం. అందువల్లే విమానం తప్పనిసరి అని క్లబ్బు అధ్యక్షుడు ధన్‌సుఖ్‌భాయ్ సభ్యులకు వివరించాడు. టెంపోలో వెళ్లే సేవ ఎవరి కంటా పడదు.

విమానం రెండు సీట్లది, యాభై ఏళ్లు దాటినది. రెక్కల కింద రెండు చక్రాలు, ముక్కు కింద ఒకటి. దిగేటప్పుడు రెక్కల కిందివి ముందు నేలను తాకాలి; వేగం తగ్గాక ముక్కు చక్రం మెల్లగా వాలాలి. ఇది దాన్ని తయారుచేసినవాళ్ల అభిప్రాయం మాత్రమే. చీరల వ్యాపారంలో అన్నిటా ముందుండి అలవాటైన ధన్‌సుఖ్‌భాయ్, ముక్కునే ముందు దించేవాడు.

మొదటిసారి ముక్కు చక్రాన్ని మోసే కాలు విరిగినప్పుడు క్లబ్బు విచారణ సంఘం గాలిని తప్పుపట్టింది. రెండోసారి రన్‌వేను మందలించింది. మూడోసారి, మాస్కు వల్ల అధ్యక్షుడికి నేల ఆలస్యంగా కనబడిందని తేల్చి, నేలకు సున్నం కొట్టించింది.

మూడుసార్లూ ఆ కాలును బాగుచేసినవాడు దశరథం. కోరుట్ల దిక్కు పల్లె నుంచి వచ్చి, ఇరవై ఏళ్లు సూరత్ మరమగ్గాలను మరమ్మతు చేసినవాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే క్లబ్బులో సహాయకుడిగా చేరాడు. కాగితం మీద సంతకం క్లబ్బు ఇంజనీరు పెట్టేవాడు. నట్లు దశరథం బిగించేవాడు.

విరిగిన కాలును చూపిస్తూ ముసలి శిక్షకుడు రుస్తుంజీ ఒకసారి అతనికి అసలు సంగతి చెప్పాడు: నేల దగ్గరికి వచ్చాక విమానాన్ని నడిపే స్టిక్‌ను వెనక్కి పట్టి ముక్కు ఎత్తి ఉంచాలి, చక్రాలు తగిలి విమానం ఎగిరిపడితే భయపడి ముక్కును కిందికి తొయ్యకూడదు, తోస్తే కాలు విరుగుతుంది, ఇంజిన్ కాస్త పెంచి మళ్లీ మెల్లగా దిగాలి. ఈ మాటే అధ్యక్షుడికీ చెప్పాడు. అరవై ఐదు దాటినవాళ్లు ఇల్లు కదలరాదన్న నియమాన్ని క్లబ్బు ఆ మర్నాటి నుంచి రుస్తుంజీ విషయంలో కచ్చితంగా పాటించింది.

నాలుగో ప్రయాణానికి మాస్కుల పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి దశరథాన్ని ఎంపిక చేశారు. డిండోలిలోని ఒంటిగది ఇంట్లో భార్య భాగీరథి ఆ వార్త విని గంటె పక్కన పెట్టింది.

"గాలిల ఎగురుడు నీకెందుకు? నేల మీద పని లేదా?"

"నేల మీద పని బంద్ అయింది గదనే."

పోవడం బాగానే జరిగింది. బార్డోలీ అవతల చెరకు తోటల మధ్య ఒక పొడవాటి మైదానంలో, ముక్కుకు ఏమీ కానంత మెత్తటి బురదలో దిగారు. ఫొటోలు తీశారు. పెట్టె అక్కడే వదిలారు. తిరుగు ప్రయాణంలో దశరథం ఒళ్లో ఏమీ లేదు. ఎదురుగా రెండో స్టిక్ మాత్రం ఉంది.

క్లబ్బు రన్‌వే మీద విమానం గట్టిగా తగిలి మనిషెత్తు లేచింది. ధన్‌సుఖ్‌భాయ్ అలవాటు ప్రకారం ముక్కును కిందికి తోశాడు. తెల్లటి నేల అద్దంలోకి దూసుకొచ్చింది. దశరథానికి భాగీరథి కనబడింది, గంటె కనబడింది. రెండు చేతులతో స్టిక్ పట్టుకున్నాడు.

"సేఠ్, దబావో మత్. పీఛే ఖీంచో," అన్నాడు. నొక్కొద్దని, వెనక్కి లాగమని. "ఇంజిన్ థోడా బఢావో," ఇంజిన్ కొంచెం పెంచమని.

జీవితంలో మొదటిసారి ధన్‌సుఖ్‌భాయ్ ఒకరు చెప్పినట్టు చేశాడు. విమానం కాసేపు తేలింది. రెక్కల కింది చక్రాలు ఆనాయి. చాలాసేపటికి ముక్కు చక్రం, పిలిస్తే వచ్చినట్టు, కిందికి వాలింది. ఏదీ విరగలేదు.

క్లబ్బు దిగ్భ్రాంతి చెందింది. విచారణ సంఘం గంటలో సమావేశమైంది. గాలి, రన్‌వే, మాస్కు ఈసారి నిర్దోషులని తేలింది. మిగిలినవాడు దశరథం. అనుమతి లేకుండా విమాన నియంత్రణలో జోక్యం చేసుకోవడం, అధ్యక్షుడితో ఆజ్ఞాపూర్వకంగా మాట్లాడటం అనే రెండు నేరాలు రుజువయ్యాయి. ఇంజనీరు వాటి కిందా సంతకం పెట్టాడు.

సాయంత్రం భాగీరథి అంతా విని అడిగింది.

"నువ్వు లాగకపోతే ఏమైతుండె?"

"ముక్కు ఇరుగుతుండె."

"మనిషి?"

"చెప్పరాదు."

"నౌకరి?"

"ఉంటుండె."

ఆమె గిన్నె మూత తీసింది. "లాగి మంచి పనే చేసినవు తియ్," అని అన్నం పెట్టింది. మగ్గాలు మళ్లీ తెరుస్తున్నారని తెలిసి, మర్నాడు అతను మగ్గాలున్న ఉధ్నా వైపు నడిచాడు.

ఆదివారం క్లబ్బులో, యాభై మందికే అనుమతి ఉన్న హాలులో మూడు వందల మంది సమక్షంలో, ధన్‌సుఖ్‌భాయ్‌కి సన్మానం జరిగింది. "ఆపద వేళ విమానాన్ని నేను పట్టుకోలేదు. ఈ నగరం నామీద పెట్టుకున్న నమ్మకం పట్టుకుంది," అని ఆయన వినయంగా సెలవిచ్చాడు. చప్పట్లు ఆగలేదు.

సోమవారం గేటుకు ప్రకటన అంటించారు. పక్క సీటులో కూర్చోవడానికి మనిషి కావలెను. అర్హత: ముక్కు నేలవైపు పోతున్నా నోరు మెదపకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోగలగాలి. ఒక్క ఉద్యోగానికి నాలుగు వందల పదకొండు దరఖాస్తులు వచ్చాయి. అనుభవం ఎన్నేళ్లన్న చోట అందరూ తమ తమ వయసే రాశారు.