అరువు తొడ

మర్నాడు చేయాల్సిన పనులన్నీ బాపయ్య ముందురోజే వరసపెట్టుకున్నాడు. ఆరింటికి కాఫీ, ముప్పావుకి స్నానం, ఏడింటికి ఉప్మా, ఏడున్నరకి మిరపకాయల లారీ ఎక్కి గుంటూరు యార్డు. ఇందులో గడియారం చూసుకునే పని ఎక్కడా లేదు. పక్కింటి కోటిలింగం రోజూ సరిగ్గా ఆరింటికి టేపురికార్డరు పెడతాడు. నాదస్వరం అందుకోగానే కాఫీ, క్యాసెట్టు మొదటి వైపు అయిపోగానే స్నానం. బాపయ్య పొద్దు ఏడేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఆ ఏడేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.

అంతకుముందు మాత్రం ఒకళ్లని విడిచి ఒకళ్లు ఉండేవాళ్లు కాదు. బాపయ్యది మిరప సేద్యం. కోటిలింగం పర్చూరు దగ్గర జిన్నింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్లు మిషన్ల పక్కన నిలబడి పత్తి తూకం రాసినవాడు, భార్య పోయాక ఒంటరివాడు. చుట్టుపక్కల ఎక్కడ నాదస్వర కచేరీ జరిగినా బాపయ్య మోపెడ్ నడిపేవాడు, కోటిలింగం టేపురికార్డరు చంకనబెట్టుకుని వెనక కూర్చునేవాడు. సెల్‌ఫోన్లో రికార్డు చేస్తే నాదస్వరం పిల్లల బూరలా వినపడుతుందని అతని గట్టి నమ్మకం.

గొడవ చీరాల కచేరీలో వచ్చింది. విద్వాంసుడు కల్యాణి రాగం ఆలపించి కీర్తన ఎత్తుకోగానే కోటిలింగానికి ఒళ్లు తెలియలేదు. తన ఒళ్లో టేపురికార్డరు ఉంది కాబట్టి తాళం వేసుకోవడానికి తొడ ఖాళీ లేదు. పక్కనున్న బాపయ్య తొడ మీద దెబ్బ వేశాడు. ఒకటి కాదు, పది కాదు. పొద్దున్నుంచీ చేలో వంగి పనిచేసి వచ్చిన తొడ అది. ఓర్చుకుని ఓర్చుకుని బాపయ్య అన్నాడు, "నీ తొడ మీద వేసుకోరా. నాదేమన్నా అరువు తెచ్చుకున్నావా?"

కోటిలింగానికి పౌరుషం వచ్చింది. "చెవుల్లేనివాడికి తొడెందుకురా?" అన్నాడు. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. తిరుగు ప్రయాణంలో మోపెడ్ మీద ఇద్దరి మధ్యా మాట లేదు. ఇంటికొచ్చాక కూడా లేదు. ఆ తర్వాత ఇక రానేలేదు.

ఈ ముచ్చటంతా ఒళ్లో ఉన్న టేపురికార్డరు భద్రంగా పట్టేసుకుంది. కోటిలింగం రోజూ పెట్టే క్యాసెట్టు కూడా అదే, దాన్ని మించిన కల్యాణి తన దగ్గర మరోటి లేదు గనక. అయితే ఆ మాటలొచ్చే చోటికి రాగానే అతను వాల్యూమ్ తగ్గించేసేవాడు. నాలుగు క్షణాలు నిశ్శబ్దం, మళ్లీ నాదస్వరం. గోడకి ఇవతల బాపయ్య ఆ నిశ్శబ్దంలో కాఫీ చివరి గుక్క తాగేవాడు. తప్పు ఒప్పుకోవడానికి కోటిలింగానికి చేతనైన పద్ధతి అదేనని అతనికి తెలుసు. అది అతనికి చాలు.

ఏడాది కిందట ఆ మర్యాద కూడా పోయింది. ఒకరోజు పొద్దున్నే "చెవుల్లేనివాడికి తొడెందుకురా?" అన్న మాట వీధి చివరిదాకా వినపడింది. మర్నాడూ అంతే. పోనీ ఆ తర్వాతైనా సుఖంగా విననిస్తాడా అంటే, అయిదు నిమిషాలకి స్వరాలు పరుగులు పెట్టే చోట, కచేరీ మొత్తానికి ప్రాణమైన చోట, వాల్యూమ్ చప్పున పడిపోయేది. తిట్టు గట్టిగా, సంగీతం మెల్లిగా. ఇంత పగ పట్టడానికి నేనేం చేశానని బాపయ్య లోలోపల కుమిలిపోయాడు. బడికెళ్లే పిల్లలు అతన్ని చూసి తొడలు చరుచుకోవడం మొదలుపెట్టారు.

అయినా ఉగాది రోజున మనసు చంపుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. కోటిలింగం వెనక్కి తిరిగి మల్లెపాదులకి నీళ్లు పోస్తున్నాడు. "కోటీ, ఉగాది పచ్చడి పంపించమంటావా?" అని అడిగాడు. ఏడేళ్లలో మొదటి మాట. కోటిలింగం తిరిగి చూడలేదు. బాపయ్య రెండోసారి కూడా పిలిచాడు. చెంబు ఖాళీ చేసుకుని కోటిలింగం లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు బాపయ్య, పెళ్లాం వెంకటరావమ్మ వింటుండగా, ఇక వాడు చచ్చినా వాడి గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు. ఒట్టేసుకున్నాడే గానీ మర్నాడు ఆరింటికి వెనక వసారాలో మళ్లీ కుర్చీ వేసుకున్నాడు.

ఇక ఈ లారీ రోజున, ఆరు దాటినా గోడ అవతల చప్పుడు లేదు.

బాపయ్య కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కరెంటు పోయిందేమోనని పైకి చూశాడు. వసారాలో ఫ్యాను తిరుగుతోంది. ఆరుంపావు అయింది, కాఫీ మీద తొరక కట్టింది. ఏడేళ్లలో జ్వరమొచ్చినా, తుపాను పట్టినా ఆగని నాదస్వరం ఆగింది. బాపయ్య గ్లాసు పక్కన పెట్టేశాడు. అన్నయ్యగారిని ఒకసారి పలకరించి రమ్మని వెంకటరావమ్మని పంపించాడు. ఆమె తలుపు కొట్టి కొట్టి తిరిగొచ్చింది. లోపల గడియ పెట్టి ఉందనీ, ఎంత పిలిచినా పలకడం లేదనీ చెప్పింది.

బాపయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి కిటికీ పరదా సందులోంచి చూశాడు. పడకకుర్చీ వీపు కనిపించింది. దానిమీద వెనక్కి వాలిన నెరిసిన తల, అవతల ముక్కాలిపీట మీద చాపిన రెండు పాదాలు. కోటీ అని పిలిచాడు. అరిచాడు. కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు. పాదాలు కదల్లేదు. మిరపకాయలు ఎత్తడానికొచ్చిన కూలీ ఒకతను కోటిలింగం నంబరుకి ఫోను చేశాడు. లోపల ఫోను మోగి మోగి ఆగిపోయింది. బాపయ్య గడప ముందు కూలబడి ఏడ్చాడు.

పల్లెటూళ్లో పొద్దున్నే మగవాడు ఏడిస్తే అడగాల్సింది ఇంకేం లేదు. పాలవాడు టీ బంకులో చెప్పాడు, టీ బంకువాళ్లు ఊరికి చెప్పారు. తలుపు పగలగొడదామని కొందరు గునపం తెచ్చారు గానీ మాజీ సర్పంచి ఒప్పుకోలేదు. లోపల గడియ పెట్టిన తలుపుని ఎస్సై రాకుండా ముట్టుకుంటే రేపు సమాధానం చెప్పలేక చావాలన్నాడు, కిటికీ దగ్గరికి కూడా ఎవర్నీ పోనివ్వలేదు. ఎస్సై బందోబస్తుకి వెళ్లాడట, ఏడున్నరకి వస్తాడట. ఈలోపు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరికీ ఇష్టంలేక తలా ఒక పని అందుకున్నారు. వీధికి అడ్డంగా టెంటు లేచింది. ఇంకొల్లు నుంచి ఆటోలో ఫ్రీజర్ బాక్సు వచ్చింది. ఎవరో గులాబీ దండ తెచ్చి, ప్రాణస్నేహితుడు గదా, మొదటిది నువ్వే వెయ్యాలంటూ బాపయ్య చేతిలో పెట్టారు. మిరపకాయల లారీ డ్రైవరు హయాత్ కూడా ఇంజను ఆపేసి, తలకి తువ్వాలు చుట్టుకుని, జనంలో ఒకడై నిలబడ్డాడు.

వీధి మొగలో మైకుసెట్టు కొట్టు మొహిద్దీన్ బాషాది. అతను నాలుగు హారన్లు నాలుగు దిక్కులకి కట్టి, శ్లోకాల పెన్‌డ్రైవ్ జేబులోంచి తీశాడు. ముందు విషయం ఊరికి చెప్పాలి కదా అని మాజీ సర్పంచి మైకు తీసుకెళ్లి బాపయ్య నోటి ముందు పెట్టాడు.

బాపయ్య గొంతు సవరించుకున్నాడు. "మన ఊరి కోటిలింగం గారు ఈ ఉదయం..." అని ఆగిపోయాడు. 'గారు' అన్న ముక్క అతనికే పరాయిగా వినపడింది. పుట్టి బుద్ధెరిగాక వాణ్ని ఎన్నడూ గారు అన్నది లేదు. మైకుని రెండు చేతులా పట్టుకుని, మూసిన తలుపు వైపు తిరిగాడు.

"కోటీ, ఆ రోజు తొడ ఇస్తే నాకేం పోయేదిరా? అరిగిపోతుందా? మహా అయితే నాలుగు రోజులు నొప్పెట్టేది. ఏడేళ్లు నొప్పెట్టింది గదరా ఇప్పుడు. నువ్వు చచ్చినా నీ గడప తొక్కనన్నాను. తొక్కానురా, ఇదిగో. లేచి తిట్టు. చెవుల్లేనివాడినే, ఒప్పుకుంటున్నా, ఒక్కసారి తిట్టరా."

నాలుగు హారన్లూ ఆ మాటల్ని ఊరు దాటించాయి. రెండు మైళ్ల అవతల కల్లాల్లో మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కూడా పని ఆపి కళ్లు తుడుచుకున్నారని తర్వాత చెప్పుకున్నారు. వెంకటరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాటలు వినపడనిది తలుపుకి అవతల పది అడుగుల దూరంలో ఉన్న ఒక్క మనిషికే.

సరిగ్గా ఏడున్నరకి గడియ తీసిన చప్పుడైంది. నీళ్ల చెంబుతో కోటిలింగం బయటికొచ్చాడు.

కోటిలింగం టెంటు చూశాడు, ఫ్రీజర్ బాక్సు చూశాడు. చేతిలో దండతో, ఉబ్బిపోయిన కళ్లతో తన గడప ముందు నిలబడ్డ బాపయ్యని చూశాడు. చెంబు జారిపోయింది. రెండు అంగల్లో వచ్చి బాపయ్యని కావలించుకుని, ఊరంతా వినేంత గట్టిగా, "ఎంత కష్టమొచ్చిందిరా బాపూ. నిన్న కూడా కళాపి చల్లుతూ కనిపించిందే చెల్లెమ్మ. ఎప్పుడు పోయింది?" అన్నాడు.

చెల్లెమ్మ వెనకే నిలబడి ఉంది. ఆమె ఏడుపు ఆపుకోవాలో నవ్వు ఆపుకోవాలో తేల్చుకోలేక మైకు స్తంభం పట్టుకుంది.

పోయింది ఆమె కాదని బాపయ్య చెప్పాడు. నువ్వే పోయావనుకున్నామన్నాడు. కోటిలింగం అతని వీపు నిమురుతూ, ఏడవకు, మనం చేయగలిగిందేముందన్నాడు. బాపయ్య మళ్లీ చెప్పాడు, ఈసారి చెవి దగ్గర నోరు పెట్టి. కోటిలింగం మళ్లీ వీపే నిమిరాడు. బాపయ్య అతన్ని విడిపించుకుని ఎడంగా జరిగి, ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

టేపురికార్డరు ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. క్యాసెట్టు రెండు వైపులా తిరిగి ఆగి ఉంది. స్పీకరు పెట్టెకి వెళ్లే తీగ మధ్యలో ఎలుక కొరికేసి రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. చక్రాలు తిరుగుతుండగా చూస్తూ కోటిలింగం గంటన్నరసేపు కచేరీ చేయించాడన్న మాట. బాపయ్య తన చెవి మీద వేలు పెట్టుకుని, ఎప్పటినుంచి అన్నట్టు చెయ్యి తిప్పాడు.

కోటిలింగం తల వంచుకున్నాడు. మిల్లు మిషన్లు ఎప్పటినుంచో వినికిడిని తినేస్తూ వచ్చాయనీ, ఏడాది కిందట మొత్తం పోయిందనీ చెప్పాడు. ఒంగోలు డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే గోలే తప్ప మాట తెలియదట. ఎవరికీ చెప్పలేదట. "నిన్ను అందరిలో చెవుల్లేనివాడన్నాను. నాకే లేకుండా పోయాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అంటే మల్లెపాదుల దగ్గర ఆ ఉగాది పిలుపు అతనికి చేరనే లేదు. బాపయ్య పడకకుర్చీలో కూర్చుండిపోయాడు. టేపురికార్డరు వైపు చూపించి, మరి ఇదెందుకని చేత్తోనే అడిగాడు.

"నువ్వు కాఫీ తాగొద్దా?" అన్నాడు కోటిలింగం.

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు గోడగడియారం వైపు చూశాడు. "ఆ మాటలొచ్చే చోట రోజూ తగ్గిస్తూనే ఉన్నానురా. ఇదివరకు విని తగ్గించేవాణ్ని. ఇప్పుడు అందాజుగా ఆరూ నలభైకి తగ్గిస్తున్నా. సరిగ్గా పడుతోందా?"

ఆ మాటలొచ్చేది ఆరూ ముప్ఫై అయిదుకి. నలభైకి వచ్చేది స్వరాల పరుగు. ఏడాదిగా పగ అనుకుని తాను మింగిన దుఃఖమంతా ఈ అయిదు నిమిషాలదని బాపయ్యకి అప్పుడు తెలిసింది. ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. సరిగ్గానే పడుతోందని గట్టిగా తలూపాడు.

బయట టెంటు విప్పారు. ఫ్రీజర్ బాక్సు ఖాళీగా తిరిగెళ్లింది, ఇలా వెళ్లడం తన సర్వీసులో మొదటిసారని ఆటోవాడు మురిసిపోయాడు. దండ వృథా కావడం ఎందుకని మొహిద్దీన్ బాషా దాన్ని లారీ అద్దానికి కట్టాడు. ఎస్సై వచ్చి, అంతా విని, టీ తాగి వెళ్లాడు. మిరపకాయలు ఆ రోజు గుంటూరు వెళ్లలేదు.

మర్నాడు ఆరింటికి బాపయ్య కాఫీ గ్లాసులు రెండు పట్టుకుని గడప దాటి కోటిలింగం ఇంటికి వెళ్లాడు. అతికిన తీగలోంచి కల్యాణి వచ్చింది. కోటిలింగం టేపురికార్డరు వైపే చూస్తూ కూర్చున్నాడు గానీ అతనికి అందుతున్నది చక్రాల కదలిక మాత్రమే. బాపయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ముప్ఫై అయిదుకి ఇద్దరి పాత మాటలూ గదిలో గట్టిగా వినపడ్డాయి, బాపయ్య వాల్యూమ్ ముట్టుకోలేదు. నలభై కాబోతుండగా వాల్యూమ్ వైపు చాచిన కోటిలింగం చేతిని మెల్లిగా పట్టుకుని తిరిగి అతని ఒళ్లోనే పెట్టాడు. స్వరాలు పరుగు అందుకున్నాయి. బాపయ్య అతని తొడ మీద దెబ్బ వేశాడు. ఒకటి, రెండు, మూడు. కోటిలింగం కళ్లు మూసుకున్నాడు, వాటిలోంచి నీళ్లు కారాయి. పాదం కదిలింది. ఏడాది తర్వాత అతనికి కచేరీ చేరుతోంది.

పది దెబ్బలు పడ్డాక కోటిలింగం కళ్లు తెరిచి, వీధి చివరిదాకా వినపడేలా, తాళం తప్పుతోందన్నాడు.