రెండు ఎత్తుల విజయం

నాంపల్లిని దేశానికి చదరంగ రాజధానిగా చేసి తీరుతామని మంత్రి ఇంద్రసేన గారు ఆదివారం ప్రకటించారు. ఉదయం తొమ్మిదికి ప్రకటించాల్సింది, పదకొండున్నరకు ప్రకటించారు. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల బజారు వల్ల కాన్వాయ్ ఆగిపోయిందట. పుస్తకాలంతే, ఎప్పుడూ పరిపాలనకు అడ్డమే.

అప్పటిదాకా స్టేషన్ దగ్గరి ఫంక్షన్ హాల్లో, జూనియర్ చెస్ టోర్నమెంట్ ఆఖరి రౌండు ఆడాల్సిన పిల్లలు బోర్డుల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లందరి మీద తీర్పరి, చీఫ్ ఆర్బిటర్ గోపాలరావు. ముప్పై ఏళ్ల సర్వీసు. ముట్టుకున్న పావునే ఆడాలని ఒకసారి ఏడేళ్ల పిల్లాడిని ఏడిపించి మరీ ఆడించిన మనిషి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ జంతువు తనేనని గోపాలరావుకు తెలుసు. అందుకే పెద్దలుండే చోటికి ఎక్కువగా వెళ్లడు.

మొదటి బోర్డు దగ్గర తెల్లపావులతో లహరి, సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం గుమాస్తా కూతురు. ఎదురుగా సికింద్రాబాద్ అమ్మాయి జిప్పోరా. ఈ ఆట గెలిస్తే లహరి రాష్ట్ర జట్టులో ఉంటుంది. లేకపోతే ఇంట్లో ఉంటుంది.

ముఖ్య అతిథి మొదటి బోర్డు మీద తొలి ఎత్తు వేయడం ఆనవాయితీ. ఏ ఎత్తో పిల్లనడిగి, ఆమె చెప్పిందే వేయాలి.

“రాజు ముందటి బంటు రెండు గళ్లు, సార్,” అంది లహరి మెల్లగా.

“నాకే చెప్తవా బిడ్డా?” అని నవ్వి, మంత్రిగారు దాని కుడిపక్క బంటును ఒక గడి జరిపారు. చప్పట్లు మోగాయి.

“నువ్వు గూడ ఆడమ్మా, వీడియో మంచిగొస్తది,” అన్నాడు కెమెరామన్. జిప్పోరా ఒక బంటు జరిపింది.

పార్టీ జిల్లా అధ్యక్షుడు వామన్‌రావు గారికి ప్రాణం ఊరుకోలేదు. “అన్న ఒక్క గడి జరిపిండు. నేను రెండు జరుపుతా,” అని దాని పక్క బంటును రెండు గళ్లు తోశారు.

జిప్పోరా చెయ్యి అలవాటు కొద్దీ క్వీన్‌ను ఏటవాలుగా తెచ్చి పెట్టేసింది. పెట్టాక నాలుక కరుచుకుంది. “చెక్‌మేట్.”

“అంటే? గెలిచిందెవరు?” అని మంత్రిగారు గోపాలరావును అడిగారు.

ముప్పై ఏళ్ల సర్వీసు చేతులు కట్టుకుంది. “తమరే సార్.”

“చూసిన్రా! రెండే ఎత్తులల్ల ఖతం!” మంత్రిగారు ఆ సంతోషంలో లహరికి శాలువా కప్పి, టిఫిన్‌కు వెళ్లారు. మంత్రిగారు గెలిచారని పీఏ విజయేందర్ అప్పుడే ఫోటోతో సహా వార్త పెట్టేశాడు.

ముందుగా నోరు విప్పింది జిప్పోరానే. “సర్, ఆ ఎత్తులు లహరి వెయ్యలేదు కదా. మళ్లీ ఆడతాం.”

ధర్మమే. అతిథి ఎత్తు లాంఛనం మాత్రమే. గోపాలరావు ఒక్క మాటంటే చాలు, పావులన్నీ వెనక్కి పెట్టి ఆట మొదలుపెట్టొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“మళ్ల ఆడిపిస్తే మంత్రిగారి గెలుపు క్యాన్సిలైనట్టే గద సార్? జర సోచాయించున్రి,” అన్నాడు విజయేందర్.

గోపాలరావు సోచాయించాడు. అయినా అబద్ధం రాసే మనిషి కాదాయన. బోర్డు మీద ఏముందో అదే ఫలితాల షీటులో రాశాడు. లహరి సున్నా, జిప్పోరా ఒకటి. రాస్తుంటే సిగ్గేసింది. సంతకం మాత్రం అందంగానే వచ్చింది.

శాలువా కప్పుకునే లహరి లేచి నిలబడింది. “సార్, గెలిచింది మంత్రిగారైతే, ఓడింది నేనెట్లయిత?”

ఆట జరిగే హాల్లో పిల్లలు మాట్లాడితే వార్నింగ్ ఇవ్వాలని రూలు. గోపాలరావు ఇచ్చాడు.