జర్మనీ ఇత్తడి, రాజంపేట చింతపండు

ఆ గురువారం ఉదయం సుబ్బరత్నమ్మ పెట్టుకున్న పనులు మూడే. అతిథులు కూర్చునే దివానియా తుడవడం, చేపలు బాగుచేయడం, సాయంత్రం దాకా ఇంటి యజమానురాలు మామా కంట పడకుండా నెట్టుకురావడం. మూడోదే ముఖ్యం. పోయిన నెల ఆమె ఊదు కాల్చే వెండి పాత్రను డిష్‌వాషర్‌లో పెట్టింది. "ఇంకొక్కటి జరిగిందంటే నిన్ను మక్తబ్‌కు పంపేస్తా, ఖలాస్" అని మామా అప్పుడే చెప్పేసింది. మక్తబ్ అంటే పనిమనుషులను ఇళ్లలో కుదిర్చే ఆఫీసు. వెనక్కి వెళ్లినవాళ్లు కొత్త ఇల్లు దొరికేదాకా ఒక గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. రెండేళ్ల కిందట సుబ్బరత్నమ్మ పన్నెండు రోజులు అలా కూర్చుంది. పదమూడో రోజు మాత్రం కూర్చోకూడదని ఆమె పట్టుదల.

జహ్రాలోని ఆ అరబ్బుల ఇంటి పెద్దాయనను, అంటే మామా భర్తను, అందరూ బాబా అంటారు. రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న వ్యాపకం ఒక్కటే, పాత జర్మన్ యుద్ధనౌకల ఫిరంగి షెల్లులను సేకరించడం. మందు ఎప్పుడో తీసేసిన ఖాళీ ఇత్తడి గొట్టాలవి. మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా మొత్తం పదకొండు, దివానియా గోడ వెంట నల్లగా నిలబడి ఉంటాయి. ఏ ఫిరంగిది, ఏ ఏడాదిది, అడుగున ఏ ముద్రలున్నాయి అని భూతద్దంతో చూసి రాసిన చీటీ ఒక్కోదానికి అతికించి ఉంటుంది. వాటి దుమ్ము కూడా బాబాయే దులుపుకుంటాడు. పాపం, ముసలాయనకు అంతకు మించి తోమే ఓపిక లేదని సుబ్బరత్నమ్మ జాలి.

"సాయంత్రం అబూ తలాల్ వస్తున్నాడు. దివానియాలో ఉన్నవన్నీ మెరవాలి" అని చెప్పి మామా సెలూన్‌కు వెళ్లిపోయింది. ఆమె మనసులో ఉన్నవి టీ గ్లాసులు, కాఫీ కూజాలు. సుబ్బరత్నమ్మ చుట్టూ చూసింది. గ్లాసులు మెరుస్తూనే ఉన్నాయి. మెరవనివి పదకొండే కనిపించాయి.

రాజంపేట నుంచి తెచ్చుకున్న చింతపండులో గుప్పెడు నానబెట్టి, ఉప్పు కలిపి, అన్నిటికన్నా పొట్టిదాన్ని తోమింది. పది నిమిషాల్లో అది పండగనాటి దీపపు సెమ్మెలా తయారైంది. దాని పక్కన మిగతా పదీ మరీ దిక్కుమాలినట్టు కనిపించాయి. ఒకటి మెరిసి పది మసిబారి ఉంటే మామా ఊరుకోదు. సుబ్బరత్నమ్మ టబ్బు తెచ్చింది.

మధ్యాహ్నానికి అతిథుల టీ కోసం తెచ్చిన నిమ్మకాయలు అయిపోయాయి, చేపల కోసం ఉంచిన టమాటా పేస్టు అయిపోయింది. చింతపండు ఒక్క గుప్పెడు మిగిలింది. అప్పుడు టబ్బులో ఏదో తేలింది. చీటీ. దాని వెనకే ఇంకో పది.

ఇంటి డ్రైవరు రామాంజనేయులు నీళ్లు తాగడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. రాయచోటివాడు, ఇంటర్ దాకా చదివాడు.

"అక్కా, ఏం పని జేసినావే ఇది? వీటిని ఆయప్ప బిడ్డల కన్నా మేలుగా జూసుకుంటాడే."

"అందుకే గదప్పా నీళ్లు పోసినా" అంది సుబ్బరత్నమ్మ. తేలుతున్న చీటీలను ఒక్కొక్కటే ఏరి గుడ్డ మీద పెట్టింది. "అయిపోయింది రామాంజులూ. నన్ను మక్తబ్‌లో దింపేది నువ్వే."

"యాడికీ పోవు లేక్కా. గొట్టాలు పదకొండు, చీటీలు పదకొండు. అతికిస్తే సరి."

"ఏది దేనిదో ఎట్ల తెలుస్తాది?"

"పొడుగుదానికి పొడుగు చీటీ, పొట్టిదానికి పొట్టి చీటీ."

"నీకు లైసెన్సు ఎవురిచ్చినారు నాయనా?"

అతను నొచ్చుకున్నాడు. అయినా ఇస్త్రీపెట్టె తెచ్చి చీటీలను ఆరబెట్టసాగాడు. సుబ్బరత్నమ్మ మాత్రం తమ వీధి పెళ్లిళ్లు తలుచుకుంటూ కూర్చుంది. నలభై ఇళ్ల గిన్నెలు కలిసిపోయిన పెళ్లిలో కూడా ఒక్క గరిటె పక్కింటికి పోకుండా ఏరి పంపింది ఆమే.

"రామాంజులూ, గిన్నెకు పేరు యాడ కొట్టిస్తారు?"

"అడుగున."

"ఇవి మటుకు గిన్నెలు గాదా? తిప్పు."

తోమిన ఇత్తడి అడుగున అంకెలు, అక్షరాలు స్పష్టంగా లేచాయి. అతను చీటీలో గీతలు చూపించాడు, ఆమె అడుగున వెతికింది. ఆమెకు ఆ భాష రాదు, అవసరమూ పడలేదు. కంటికి కన్ను, ముక్కుకు ముక్కు సరిపోతే చాలు. మైదా ఉడికించిన జిగురుతో మూడు గంటలకల్లా పది చీటీలు అతికాయి. పదకొండో చీటీ మీద ఒక ప్రశ్నార్థకం మాత్రమే ఉంది.

"దీని పేరు బాబాకే తెల్దక్కా. ఇడ్సిపెట్టు."

"పేరు కొట్టకుండా ఎవురన్నా ఇంత ఇత్తడి ఇడుస్తారా?"

అది అన్నిటికన్నా పొడుగుది. అడుగంతా చిలుము గట్టిపడి రాయిలా ఉంది. మిగిలిన చింతపండంతా దానికే పట్టించి, పీచు అరిగేదాకా రుద్దింది. అరగంటకు ఒక చిన్న కిరీటం బయటపడింది.

"కింద ఎమ్ అని ఉంది" అన్నాడు రామాంజనేయులు. సుబ్బరత్నమ్మ బాబా పెన్ను తీసుకుని, ప్రశ్నార్థకం కొట్టేసి, కిరీటం, ఎమ్ ఉన్నవి ఉన్నట్టు గీసి అతికించింది.

పొద్దున బయటికెళ్లిన బాబా సాయంత్రం అబూ తలాల్‌తో కలిసే వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు, ఇద్దరిదీ ఒకటే పిచ్చి. ఆ పొడుగు షెల్లు నౌకాదళానిదని బాబా, కాదు మామూలు సైన్యానిదని అబూ తలాల్ పదేళ్లుగా వాదించుకుంటున్నారు. పాతదనం పోతే పరువు పోతుందని బాబా దాన్ని తడిగుడ్డతో కూడా తాకలేదు.

ఇప్పుడు పదకొండు షెల్లులూ తళతళలాడుతున్నాయి. బాబా గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"వందేళ్ల మరక" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "వందేళ్ల మరక."

"హోటల్ పెట్టావా? పూలేవీ?" అన్నాడు అబూ తలాల్, నవ్వు ఆపుకోలేక.

సెలూన్ నుంచి వచ్చిన మామా గోడ వైపు ఒక్క చూపు చూసింది. ఫోన్ తీసి మక్తబ్ నంబరు వెతకసాగింది. సుబ్బరత్నమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. "బాబా, చీటీలు ఊడినాయి, నా తప్పే. కానీ అడుగున చూసి దేనిది దానికే పెట్టినాను. దీనికి మీరు పేరు రాయలేదు. నేను చూసి రాసినాను."

"పేరు కూడా రాసిందా" అంటూ అబూ తలాల్ ఇంకా బాగా నవ్వడం కోసం వంగాడు. చీటీ చూశాడు. షెల్లును పడుకోబెట్టి అడుగు చూశాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఫోన్ లైటు వేశాడు. నవ్వు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు.

బాబా లేచి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. వీపు నిటారుగా నిలిచింది.

"చదువు."

"కిరీటం, కింద ఎమ్."

"ఎమ్ అంటే?"

"నీకు తెలుసు కదా."

"నాకు పదేళ్లుగా తెలుసు. నీ నోటితో చెప్పు."

"మరీన్. నౌకాదళం" అన్నాడు అబూ తలాల్ నేల చూస్తూ.

"ఈ చెవి సరిగా వినపడదు. ఇటు తిరిగి చెప్పు."

అబూ తలాల్ ఇటు తిరిగి చెప్పాడు. తర్వాత మామాకు, గుమ్మంలో ఉన్న రామాంజనేయులుకు కూడా చెప్పాల్సివచ్చింది. సరిగ్గా అప్పుడే మామా ఫోన్‌లో మక్తబ్‌వాళ్లు పలికారు. బాబా చూసిన చూపుకు మామా, "పొరపాటున కలిసింది" అని పెట్టేసింది.

"సుబ్బరత్నా, ఏం కావాలో అడుగు" అన్నాడు బాబా.

ఆమె తొందరపడలేదు. "శుక్రవారం సెలవు బాబా. ప్రతి శుక్రవారం. పొద్దున్నించి రాత్రి దాకా."

"జైన్, అలాగే. రేపటి నుంచే."

ఆ రాత్రి అబూ తలాల్‌కు నిద్ర పట్టినట్టు లేదు. తన దగ్గరున్న పద్నాలుగు షెల్లులనూ కారులో వేసుకుని, పక్క సీటులో పది కిలోల చింతపండు పెట్టుకుని, మర్నాడు ఎనిమిదింటికే గేటు ముందు హారన్ కొట్టాడు.

ఆ రోజు శుక్రవారం.