పొలం దాటని చేతులు

కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు చేతులు పొలంలోనే పెట్టి వెళ్లాలన్న నిబంధన హైమవతి సేంద్రియ తోటలో కిందటి తొలకరి నుంచి అమల్లో ఉంది. ధ్రువీకరణకు వచ్చిన తనిఖీ అధికారి ఆవు పేడ, గోమూత్రం, వేపపిండి చూశాక, మడిలో వంగి ఉన్న ఆడవాళ్ల చేతుల వైపు తిరిగి, "కలుపుమందు బదులు వాడుతున్నవి ఇవేనా?" అని అడిగారు. ఇవేనంది హైమవతి. అయితే ఆ చేతులు సహజ వనరుల కిందికి వస్తాయనీ, సహజ వనరులు రోజూ బయటికి పోయి సబ్బులూ ఫినాయిలూ తాకి రాకూడదనీ ఆయన చెప్పారు. చెప్పింది సబబుగానే ఉంది.

పద్ధతి కష్టమేమీ కాదు. మణికట్టుకు ఆముదం రాసి, బిగుతు గాజు తీసినట్టు నెమ్మదిగా తిప్పితే చెయ్యి వచ్చేస్తుంది. ఒకరివి ఒకరు తీసుకుంటారు. చివరి మనిషివి హైమవతి తీసి, జీవామృతం డ్రమ్ము పక్కన తడి గోనెపట్టా మీద అన్నీ బోర్లా పెడుతుంది. పొద్దున మొదటి మనిషికి ఆమే తగిలిస్తుంది. మిగతావి వాళ్లే చూసుకుంటారు.

మొదట్లో నవ్వుకున్నారు కూడా.

"ఏందే బుచ్చక్కా, మా బావ నీకు బువ్వ తినిపిస్తుండట?" అంది ఈరమ్మ.

"పెండ్లినాడు గూడ తినిపియ్యలే. ఇప్పుడు ముద్దకొక తిట్టు నంజుకొమ్మంటుండు," అంది బుచ్చమ్మ.

శ్రావణంలో బుచ్చమ్మ కూతురు పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. వాళ్లలో పసిపిల్లకు మొదటి నీళ్లు అమ్మమ్మే పోయాలి. కాళ్లు చాపుకుని, పిల్లను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, ముక్కూ తలా ఒత్తి తీరు తేవాలి. ఆ వాడలో సగం తలలు బుచ్చమ్మ గుండ్రం చేసినవే.

"అమ్మా, ఒక్కపూట నా చేతులు నాకియ్యి. పొద్దుగాల మల్ల తెస్త."

ఇవ్వాలనే ఉంది హైమవతికి. అయినా ఎందుకైనా మంచిదని అధికారికి ఫోన్ చేసింది.

"నిరభ్యంతరంగా ఇవ్వండి," అన్నారాయన. "కాకపోతే పిల్లకి పౌడరు రాస్తారు కదా. మందు తగిలిన నేల మళ్లీ సేంద్రియం కావడానికి మూడేళ్లు ఆగుతాం. చేతులకూ అంతే. అందాకా ఆమెను మడిలోకి దించకండి."

"మూడేండ్లు ఏం దినాలమ్మా?" అంది బుచ్చమ్మ. అడిగినట్టు లేదు, ఊరికే అనుకున్నట్టుంది.

హైమవతి చదువుకున్న మనిషి కనుక ఉపాయం తోచింది. పిల్లనే పొలానికి తెమ్మంది. ఆదివారం దాకా ఆ ఉపాయానికి తనలో తాను గర్వపడింది కూడా.

ఆదివారం ఆకుకూరలు కొనడానికి పట్నం నుంచి వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, బుచ్చమ్మ బోరు దగ్గర మనుమరాలికి నీళ్లు పోసింది. పిల్ల ఆకాశం పగిలేలా ఏడ్చి, నిద్రపోయింది. అధికారి కూడా వచ్చారు. నీళ్లు ఇక్కడివేనా, సున్నిపిండి పెసలు ఇక్కడివేనా అని అడిగి తృప్తిపడ్డారు. తర్వాత పిల్ల పిడికిలి రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా తిప్పి చూశారు.

"ఇంకా బిగుతుగా ఉంది. ఎదిగితే వదులవుతుంది. దీన్ని పొలంలో తయారైన వనరుగానే రాసుకోవచ్చు."

"అంటే దీన్ని మూడేండ్లు ఆపరు గద సారూ?"

"ఆపం."

"సల్లగుండు," అంది బుచ్చమ్మ.

హైమవతి తల ఎత్తలేకపోయింది. పట్నం వాళ్లు తోటకూర కట్టలు ఎంచుకుంటున్నారు.

ఆ సాయంత్రం చివరి చేతులు బుచ్చమ్మవే అయ్యాయి. పిల్లను కూతురికిచ్చి, తనే ముందుకు చాపింది. "జల్ది తియ్యమ్మా, పొద్దు వోతున్నది." చేతులు వెచ్చగా, సున్నిపిండి వాసనగా ఉన్నాయి. గోనెపట్టా మీద ఎన్నిసార్లు బోర్లా పెట్టినా ఆ రెండూ వెల్లకిలా తిరిగాయి, పైన ఏదో చిన్న తల ఆనించుకున్నట్టు. హైమవతి వాటిని అలాగే వదిలేసి ఇంటికొచ్చింది.

భోజనంలో భర్త తోటకూర పప్పు కలుపుకుని, "మందుల్లేని కూర రుచే వేరు," అన్నాడు.

హైమవతి తన మణికట్టు ఒకసారి తిప్పి చూసుకుంది. బిగుతుగానే ఉంది. హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడి, ఆయనకు ఇంకో గరిటె వడ్డించింది.