నిలబడ్డ కాలికి నలభై రెండు నియమాలు

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ముందుది వెనకా, వెనకది ముందూ చెబితే సర్దుకోండి.

ఆ అడవిలో కారెన్న అనే అడవిదున్న సింహరాజు గుహ ముందు కాపలా ఉండేవాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా నిలబడటమే ఉద్యోగం. పన్నెండేళ్లు నిలబడేసరికి వెనక కాలి నరాలు ఉబ్బి, తీగల్లా మెలికలు తిరిగాయి. మడమ పైన చర్మం నల్లబడి పుండు పడింది. కుంటివాణ్ణి సింహరాజు కొలువులోంచి తీసెయ్యడు, భోజనంలోకి తీసుకుంటాడు.

కారెన్న ఏడుపు మొహంతో, వైద్యం చేసే ఎలుగు భల్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పాదం తడిమి, వేడి చూసింది. "పాదంలోకి రక్తం బాగానే దిగుతోంది, కట్టు కట్టొచ్చు. నారపట్టీ బిగించి కడతాను. పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తున పెట్టు. రోజూ నడువు. ఒకేచోట నిలబడకు నాయనా."

"కట్టమ్మా మరి!"

"ఇప్పుడు నా అంతట నేను కట్టకూడదట. కమిటీ అనుమతి కావాలి."

కమిటీ ఊరికే పుట్టలేదు. కిందటేడు ఒక జలగ నరాల వైద్యుణ్ణని చెప్పుకుని కుందేలు కాలు పట్టుకుని, అది సొమ్మసిల్లేదాకా వదల్లేదు. "వైద్యానికి నియమాలు రాయండి!" అని రాజు గర్జించాడు. నక్క జంబుకయ్య అధ్యక్షుడు, కొంగ పంతులు సభ్యుడు. కుందేల్ని పిలవలేదు. దానికి అనుభవమే గాని అర్హత లేదన్నారు.

నియమాలు నలభై రెండు. మొదటిది కమిటీకి భల్లమ్మ చెప్పిందే. ఉబ్బిన నరాన్ని రోగి నిలబడి ఉండగా చూడాలి, పడుకుంటే అణిగిపోతుంది. ఎవరు బాగుపడాలన్నా తన గడప దగ్గర పడిగాపులు పడాలన్నది జంబుకయ్య ఎత్తు. అందుకని ఒక్క ముక్క చేర్చాడు: పరీక్ష ముగిసేదాకా రోగి కూర్చోరాదు. ఎప్పుడు ముగుస్తుందో మాత్రం రాయలేదు.

కారెన్న నిలబడ్డాడు. మూడు రోజులు. తొమ్మిది రోజులు. రేగుపండంత పుండు మారేడుకాయంత అయింది.

"అయ్యా, కాస్త కూర్చుంటాను."

"నీ భద్రత కోసమేనయ్యా ఇదంతా! కూర్చుంటే మళ్లీ మొదట్నించి మొదలెట్టాలి" అన్నాడు జంబుకయ్య.

"నేను పుట్టినప్పట్నించీ ఒంటికాలి మీదే ఉన్నాను. నాలుగు కాళ్లున్నవాడికి ఏం మాయరోగం?" అన్నాడు కొంగ పంతులు.

భల్లమ్మకి ఒళ్లు మండింది. "పుండు పెరుగుతోంది, కళ్లు కనబడటం లేదూ?"

"పెరిగితే మంచిదే. పదిహేడో నియమం ప్రకారం పెద్ద పుండుని ముందు చూస్తాం. ఇదింకా అంత పెద్దది కాలేదు" అన్నాడు జంబుకయ్య.

పదో రోజు సింహరాజే కుంటుతూ వచ్చాడు. కాపలావాడు కమిటీలో ఇరుక్కోవడంతో తన గుహకి తనే కాపలా కాశాడట.

"నా కాలూ ఉబ్బింది. చూడండి."

"చిత్తం. తమరు... కాస్త నిలబడాలి" అన్నాడు జంబుకయ్య.

"ఎంతసేపు?"

నియమమంటే ప్రాణమిచ్చే కొంగ పంతులు కారెన్నని చూపించాడు. "పరీక్ష ముగిసేదాకా ప్రభూ. అదుగో, ఆయన తొమ్మిది రోజులుగా నిలబడే ఉన్నాడు."

రాజు అక్కడే వెల్లకిలా పడుకున్నాడు. "భల్లమ్మా, కట్టు కట్టు. కాలు ఎత్తున పెట్టాలంటావటగా, దేనిమీద?" అని చుట్టూ చూశాడు. జంబుకయ్య వీపు సరిగ్గా సరిపోయింది.

కారెన్నకి అదే అదను. "ప్రభువులు పడుకున్నాక నేను నిలబడితే ఏం మర్యాద!" అని దబ్బున కూలబడ్డాడు. కొంగ పంతులు ముక్కు తెరిచి, రాజు వంక చూసి మూసుకున్నాడు.

భల్లమ్మ ఇద్దరికీ కట్లు కట్టింది. రెండు నెలలకి కారెన్న పుండు మానింది. ఇప్పుడు గుహ చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తున్నాడు.

ఆ రెండు నెలలూ రాజుగారి కాలి కింద నిలబడి జంబుకయ్య నరాలూ ఉబ్బాయి. దరఖాస్తు పెట్టుకున్నాడు. కొంగ పంతులు నిలబెట్టి పరిశీలిస్తున్నాడు.

ఈ పేర్లు సరిగ్గా చెప్పానో లేదో, నాకీ కథ చెప్పిన మా మరదలు ఇందుమతి ఒకసారి చూసిపెట్టాలి. నీతి మాత్రం నాకు బాగా గుర్తుంది: భద్రతా నియమాలన్నీ రోగి మేలు కోసమే, కాకపోతే ఆ రోగి రాజై ఉండాలి.