కదలని వీధికి ఘన సన్మానం

"ఇకమీదట ఈ అంటురోగం మన అనుమతి లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యలేదు" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. జనం జేబుల్లో ఫోన్లు ఎటు వెళితే అటు ఆఫీసు గోడమీది తెరపై చుక్కలు కదులుతాయి. తిరిగే వీధి ఎరుపు, ఇంటిపట్టున ఉండే వీధి ఆకుపచ్చ. ఎరుపుకు చీవాట్లు, పచ్చకు సన్మానం.

వారం తిరక్కుండా దర్జీల వీధి పచ్చగా మెరిసిపోయింది. ఒక్క చుక్కా కదల్లేదు. మంత్రిగారు మురిసిపోయి, సన్మానం ఏర్పాట్లు చూసి రమ్మని పీఏను పంపారు. పీఏ ఛాతీ విరుచుకుని మరీ బయల్దేరాడు. సొంత అక్క ఉండేది ఆ వీధిలోనే.

తీరా వెళితే వీధిలో ఒక్క కుట్టుమిషనూ చప్పుడు చెయ్యడం లేదు. అక్క మంచంలో ఉంది. బావ గోడకు జారగిలబడ్డాడు.

"ఒకటే వాంతులు, విరేచనాలురా తమ్ముడూ. వీధంతా ఇంతే. గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కు లేదు."

"నాకు ఫోన్ చెయ్యొద్దూ?"

"చేస్తే మీటింగులో ఉన్నానంటివి."

పీఏ అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. మంత్రిగారికి ఫోన్ కలిపాడు.

"సార్, ఇక్కడ అందరూ పడకేశారండీ!"

"బయట తిరుగుతున్నారా?"

"లేవలేకపోతున్నారండీ!"

"క్రమశిక్షణంటే అదీ!"

పీఏ తన సర్వీసులో మొదటిసారి మంత్రిగారిని అడక్కుండా ఒక పని చేశాడు. అంబులెన్సులు పిలిపించాడు. రోగులతో మొదటి బండి సందు మలుపు తిరిగిందో లేదో, ఆఫీసులో తెర ఎర్రబడింది, పీఏ ఫోన్ మోగింది.

"నా వీధిని కదిలించిందెవడయ్యా? రేపు పత్రికలవాళ్ళొస్తున్నారు! బళ్ళు వెనక్కి తిప్పించు!"

అక్క చెయ్యి పీఏ చేతిలో చల్లగా ఉంది. "సార్, తెరకు కనిపించేది ఫోన్లే కదండీ. వాటిని ఇక్కడే ఉంచేస్తే?"

"నువ్వెక్కడో ఉండాల్సినవాడివయ్యా!"

అలా మనుషులు ఆసుపత్రికి వెళ్ళారు. ఫోన్లు ఇళ్ళలో ఛార్జింగుకెక్కాయి. వీధి మళ్ళీ పచ్చబడింది.

మర్నాడు మంత్రిగారు దండలతో దిగారు. వరసగా మూసిన తలుపులు చూసి ఆయన చేతులు జోడించారు. "చూశారా, సాక్షాత్తూ నేనొచ్చినా గడప దాటలేదు!" అని పత్రికలవాళ్ళతో అన్నారు. స్వయంగా రికార్డు చేసిన అభినందన సందేశాన్ని వీధిలో అందరికీ ఒకేసారి పంపారు. ఖాళీ ఇళ్ళలో ఫోన్లన్నీ గొల్లున మోగి, మోగి, ఆగాయి.

"ఫోనెత్తడానికి కూడా లేవలేదు!" మంత్రిగారు కళ్ళొత్తుకున్నారు. "ఈ నిగ్రహం పక్క వీధులకూ నేర్పించాలయ్యా."

పీఏ పాలిపోయిన మొహంతో ఆఫీసు తెరనే చేతిలోని ఫోన్లో చూపించాడు.

"నేర్పక్కర్లేదండీ."

అటు పక్క రెండు వీధులు, ఇటు పక్క మూడు అప్పుడే పచ్చబడుతున్నాయి.